సన్న ఈగల బెడద వదిలేదెలా? ఇంటి చిట్కాలతో సమగ్ర మార్గదర్శి

"వెనిగర్ గిన్నె పెట్టాం, రెండ్రోజులు తగ్గాయి, మళ్లీ మొదలయ్యాయి." ఇంట్లో ముసిరే సన్న ఈగల గురించి ఎవరిని కదిపినా ఇదే మాట వినిపిస్తుంది. చిట్కా తప్పేమీ కాదు. అది ఎగిరే ఈగను మాత్రమే పడుతుంది. గుడ్లు, పిల్ల పురుగులు మాత్రం చెత్తబుట్ట అడుగునో, సింక్ గొట్టంలోనో, పూలకుండీ మట్టిలోనో హాయిగా ఎదుగుతుంటాయి. ఇవాళ ఇరవై ఈగలను పట్టినా, వారం తిరిగేసరికి కొత్తవి రెక్కలు విప్పుకుని వచ్చేస్తాయి.

అందుకని ఈ పని రెండు చోట్ల ఒకేసారి జరగాలి. ఎగిరేవాటికి ఉచ్చు పెట్టాలి, పుట్టేచోటును శుభ్రం చేయాలి. రెండోది బద్ధకం పుట్టించే పని కాబట్టి చాలామంది మొదటిదానితో సరిపెట్టేస్తారు. నిజానికి పుట్టేచోటు దొరికి దాన్ని సరిగ్గా శుభ్రం చేస్తే ఉచ్చు లేకపోయినా ఈగలు పోతాయి. ఉచ్చులు ఎన్ని పెట్టినా పుట్టేచోటు అలాగే ఉంటే మాత్రం పోవు.

మొదటి మెట్టు: వచ్చింది ఏ పురుగో తేల్చుకోండి

అన్నింటినీ కలిపి "చిన్న ఈగలు", "నుసుములు" అనేస్తాం. కానీ ఇళ్లలో తరచుగా కనిపించేవి మూడు రకాలు, మూడూ మూడు వేరువేరు చోట్ల పుడతాయి. రకం తెలియకుండా చిట్కా మొదలుపెడితే శ్రమంతా వృథా. కుండీ మట్టిలో పుట్టే నుసుములకు వంటింట్లో వెనిగర్ పెట్టి "ఈ చిట్కా పనిచేయదు" అని తీర్మానించేవాళ్లు బోలెడంత మంది.

ఒక ఈగను పట్టి చూడటం కష్టమేమీ కాదు. అది గోడ మీద వాలినప్పుడు పారదర్శకమైన టేపు ముక్కతో నెమ్మదిగా అద్దితే అతుక్కుంటుంది. టేపును తెల్ల కాగితం మీద అంటించి, ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడండి.

పండ్ల ఈగ గోధుమరంగులో, మూడు మిల్లీమీటర్లకు మించకుండా, గుండ్రటి ఒళ్లుతో ఉంటుంది. కళ్లు చాలావరకు ఎర్రగా కనిపిస్తాయి. పండ్ల చుట్టూ, చెత్తబుట్ట మీద, తాగి వదిలేసిన గ్లాసు అంచున తచ్చాడుతుంది. తోలితే కాస్త లేచి మళ్లీ అక్కడే వాలుతుంది.

డ్రెయిన్ ఈగ బూడిదరంగులో, ఒళ్లంతా నూగుతో, చిన్న సీతాకోకచిలుకలా ఉంటుంది. వాలినప్పుడు రెక్కలు గుడిసె కప్పులా వాల్చుకుంటుంది. పగలు బాత్రూమ్ గోడ మీద కదలకుండా కూర్చుంటుంది, అదిలిస్తే కాస్త దూరం తడబడుతూ ఎగిరి మళ్లీ వాలిపోతుంది. వేలితో నలిపితే నల్లటి పొడి మరక మిగులుతుంది.

కుండీ నుసుము నల్లగా, సన్నగా, పొడవాటి కాళ్లతో బుల్లి దోమలా ఉంటుంది, కానీ కుట్టదు. మొక్కకు నీళ్లు పోయగానే మట్టిలోంచి లేస్తుంది. కంప్యూటర్ తెర ముందూ, కిటికీ అద్దం మీదా తిరుగుతూ ముఖం మీదికి వచ్చి విసిగిస్తుంది.

వీటితో పాటు అరుదుగా ఇంకొకటి కనబడుతుంది. వీపు గూనిలా ఉబ్బి ఉంటుంది. తరిమితే ఎగరదు, ముందు బల్ల మీద వంకరటింకరగా పరుగెత్తుతుంది. ఈ గూని ఈగ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే దానికి వంటింటి చిట్కాలు సరిపోవు.

రెండో మెట్టు: పుట్టేచోటు వెతకండి

పండ్ల బుట్ట ఒక్కటే చూసి ఊరుకోకండి. అసలు దొంగ చాలాసార్లు వేరేచోట ఉంటాడు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు పోసిన బుట్ట అడుగున కుళ్లిన దుంప ఒక్కటి ఉన్నా చాలు. చెత్తబుట్టలో కవరు మార్చినా, కవరుకూ బుట్టకూ మధ్య కారిన రసం ఎండి అతుక్కుని ఉంటుంది. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు, సీసాలు కడగకుండా ఒక మూలన పోగేసినా అంతే. తడిసిన మాపు, సింక్ పక్కన ముద్దగా పడున్న గుడ్డ, గిన్నెలు తోమే స్పాంజి, ఫ్రిజ్ వెనక కింద ఉండే నీళ్ల ట్రే, స్టవ్‌కూ గట్టుకూ మధ్య జారిపడిన పండు ముక్క, వీటన్నిటినీ ఒకసారి చూడాలి. వాష్‌బేసిన్‌కు పైన ఉండే చిన్న రంధ్రం కూడా మర్చిపోవద్దు. నీళ్లు పొంగిపోకుండా పెట్టే ఆ రంధ్రం లోపల ఎవరూ కడగరు.

డ్రెయిన్ మీద అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. పడుకునే ముందు జాలీ చుట్టూ పొడిగా తుడిచి, పారదర్శకమైన టేపును జిగురు వైపు కిందికి ఉండేలా రంధ్రం మీద అడ్డంగా అంటించండి. గాలి ఆడటానికి కొంచెం సందు వదలండి. పొద్దున టేపు కింద ఈగలు అతుక్కుని ఉంటే అవి ఆ గొట్టంలోంచే వస్తున్నట్టు. ఒక రాత్రి పడకపోతే అయిపోయిందనుకోకండి, వరుసగా నాలుగైదు రాత్రులు చూడండి. టేపు అంటకపోతే గాజు గ్లాసును రంధ్రం మీద బోర్లించినా చాలు. ఇంట్లో ఉన్న ప్రతి డ్రెయిన్‌కూ విడివిడిగా ఈ పరీక్ష చేయాలి. వాడని బాత్రూమ్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

కుండీలకైతే బంగాళాదుంప పరీక్ష. పచ్చి దుంపను రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, కోసిన వైపు మట్టికి తగిలేలా నొక్కిపెట్టండి. మూడు నాలుగు రోజుల తర్వాత తిప్పి చూస్తే, ముక్క కింద దారపు పోగుల్లాంటి సన్నటి పురుగులు మెల్లగా కదులుతుంటాయి. ఒళ్లు గాజులా తెల్లగా, తల మాత్రం నల్లటి చుక్కలా ఉంటుంది. అదే నుసుము పిల్ల. ఆ ముక్కను పురుగులతో సహా తీసి పారేస్తే పరీక్షతో పాటు కొంత పని కూడా అయినట్టే.

పండ్ల ఈగలు: వెనిగర్ ఉచ్చు సరిగ్గా పెట్టే పద్ధతి

ఈ ఈగకు పండు కన్నా, పులుస్తున్న పండు వాసన ఇష్టం. ఈస్ట్ పనిచేసేచోట ఆల్కహాల్, వెనిగర్ వాసనలు పుడతాయి. ఆ వాసన పట్టుకుని వచ్చి ఆడ ఈగ గుడ్లు పెడుతుంది. ఒక్క ఈగ తన జీవితకాలంలో నాలుగైదు వందల గుడ్లు పెట్టగలదు. వెచ్చటి గదిలో గుడ్డు ఒక రోజులో పగులుతుంది, ఎనిమిది పది రోజుల్లో ఎగిరే ఈగ తయారు. దీనికి ఎంత తక్కువ తిండి, ఎంత తక్కువ చోటు చాలో తెలియాలంటే సైన్సు చరిత్ర చూస్తే చాలు. జన్యువుల రహస్యాలు వెతికిన టి.హెచ్. మోర్గాన్ 1910 ప్రాంతంలో తన ప్రయోగశాలలో ఈ ఈగలను పాల సీసాల్లో, అరటిపండు ముద్ద మీద వేలకు వేలు పెంచాడు. ఆ పరిశోధనకే 1933లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన చెత్తబుట్టలో ఉన్న సరంజామా అంతకన్నా తక్కువేమీ కాదు.

ఇక పని మొదలుపెడదాం.

1. ముందు పోటీ లేకుండా చేయండి. బల్ల మీద మగ్గిన పండ్లు ఉండగా పక్కన వెనిగర్ పెడితే ఈగ పండు దగ్గరికే పోతుంది. పండ్లన్నీ ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా మూత బిగుతుగా పట్టే డబ్బాలో వేయండి. ఫ్రిజ్ చలికి గుడ్ల ఎదుగుదల ఆగిపోతుంది. పగిలినవి, మెత్తబడినవి కవరులో కట్టి అదే రోజు ఇంటి బయటికి పంపండి. వంటింటి చెత్తబుట్టలో వేస్తే చోటు మారుతుంది తప్ప ఈగలు పోవు.

2. చెత్తబుట్టను కవరు తీసి సబ్బునీళ్లతో లోపలంతా రుద్ది, ఎండలో ఆరబెట్టండి. సింక్‌లో రాత్రి ఎంగిలి గిన్నెలు ఉండకూడదు. కనీసం నీళ్లతో తొలిచి పెట్టండి. మాపు, గుడ్డలు పిండి ఆరేయండి.

3. చిన్న గాజు సీసానో గ్లాసో తీసుకుని రెండు వేళ్ల ఎత్తున ఆపిల్ సైడర్ వెనిగర్ పోయండి. తెల్ల వెనిగర్‌తోనూ కొన్ని పడతాయి, కానీ దానిలో ఘాటు పులుపు తప్ప పండు వాసన ఉండదు. తెల్లదే ఉంటే చెంచాడు చక్కెర, మగ్గిన పండు చిన్న ముక్క కలపండి.

4. గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు వేయండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నీటి మీద ఒక పల్చటి బిగువు ఉంటుంది, ఇంత తేలిక పురుగు దాని మీద నిలబడి తాగి తిరిగి ఎగిరిపోగలదు. సబ్బు ఆ బిగువును తెంచేస్తుంది, ఈగ వాలగానే మునుగుతుంది. నురగ వచ్చేలా కలపకండి. సబ్బు ఎక్కువైతే దాని వాసన వెనిగర్ వాసనను మింగేస్తుంది. నిమ్మ, పూల వాసనలు గుప్పుమనే లిక్విడ్ అయితే ఒక్క చుక్క చాలు.

5. మూతగా కాగితాన్ని గరాటులా చుట్టి, సన్నటి మూతి లోపలికి ఉండేలా పెట్టొచ్చు. లేదంటే పల్చటి ప్లాస్టిక్ కవరును సీసా మూతి మీద సాగదీసి, రబ్బరు బ్యాండు వేసి, టూత్‌పిక్‌తో నాలుగైదు రంధ్రాలు పొడవండి. లోపలికి దూరిన ఈగకు వాసన వచ్చేచోటు తెలుసు గానీ, తిరిగొచ్చే రంధ్రం దొరకదు. సబ్బు కలిపితే మూత తప్పనిసరి కాదు. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇంట్లో మాత్రం మూత ఉండటమే మంచిది.

6. ఈగలు ముసిరేచోటే పెట్టండి, వంటింటికి ఒకటీ చెత్తబుట్ట దగ్గర ఒకటీ. ఫ్యాన్ గాలి తగిలేచోట పెడితే వాసన చెదిరిపోతుంది. రాత్రి గట్టు మీద ఇంకే తిండీ లేకుండా చేసి వదిలితే పొద్దుటికి తేడా కనిపిస్తుంది.

మొదటి గంటలో ఒక్కటీ పడలేదని నిరాశ పడకండి. కాసేపు గమనిస్తే అవి సీసా అంచు చుట్టూ నడుస్తూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ ఉంటాయి. లోపలికి దిగడానికి వాటికి కొంచెం టైమ్ పడుతుంది.

వెనిగర్ లేకపోతే మగ్గిన అరటిపండు ముక్కను మెదిపి, కాస్త నీళ్లు, చక్కెర, దొరికితే చిటికెడు ఈస్ట్ కలిపి ఒక రోజు వెచ్చటిచోట ఉంచండి. పులిసిన వాసన రాగానే పైన చెప్పినట్టే కవరు కట్టి పెట్టండి. ఇది వెనిగర్ కన్నా బాగా లాగుతుంది. ఒక్క ప్రమాదం ఉంది. లోపలికి పోయిన ఈగ చచ్చేలోపు ఆ పండు మీదే గుడ్లు పెట్టగలదు. మూడు నాలుగు రోజులకోసారి దీన్ని కవరులో కట్టి పారేసి, కొత్తది పెట్టాలి. వారం పది రోజులు మర్చిపోయారంటే ఉచ్చే కొత్త పురిటిల్లు అవుతుంది. వెనిగర్ ఉచ్చునైనా రెండు మూడు రోజులకోసారి మార్చాలి. ఆ నీళ్లను వంటింటి సింక్‌లో కాకుండా టాయిలెట్‌లో పోసి ఫ్లష్ చేయండి.

గుంపుగా గోడ మీద వాలినప్పుడు సబ్బునీళ్ల స్ప్రే బాగా పనిచేస్తుంది. అర లీటరు నీళ్లకు ఒక టీస్పూను లిక్విడ్ చాలు. నేరుగా తడిస్తేనే చస్తాయి, ఆరిపోయాక దానికి ఏ శక్తీ ఉండదు. వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా సులువు. పీల్చిన సంచిని ఆ వెంటనే బయట ఖాళీ చేయండి.

డ్రెయిన్ ఈగలు: బ్రష్ పట్టాల్సిందే

గొట్టం లోపలి గోడకు సబ్బు మడ్డి, జిడ్డు, వెంట్రుకలు, తిండి నలకలు కలిసి జారుడుగా ఒక పొర కడుతుంది. డ్రెయిన్ జాలీ ఎత్తి దాని అడుగుభాగాన్ని వేలితో గీరితే నల్లగా, బంకగా చేతికి అంటుకునేది అదే. ఈగలు గుడ్లు పెట్టేదీ, పిల్లలు తినేదీ ఆ పొరనే. పిల్ల పురుగు తోక చివరన గాలి పీల్చే గొట్టం ఉంటుంది, దాన్ని బయటికి పెట్టుకుని జిగురులో దాక్కుంటుంది. గుడ్డు నుంచి ఈగ అయ్యేదాకా వేడిని బట్టి ఒకటి నుంచి మూడు వారాలు.

బ్లీచింగ్ నీళ్లు పోసినా ఇవి పోవడం లేదని చాలామంది విసుక్కుంటారు. పోసిన నీళ్లు ఆ పొర మీదుగా సర్రున జారిపోతాయి, లోపల దాక్కున్నదానికి తగలవు. సలసల కాగే నీళ్లదీ అంతే, పైపెచ్చు ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడి అతుకులు వదులయ్యే ప్రమాదం. చేయి పెట్టలేనంత వేడి చాలు, మరిగే నీళ్లు వద్దు.

ఇలా చేయండి. సాయంత్రం, ఇక ఎవరూ నీళ్లు వాడని వేళ జాలీ ఊడదీసి, లోపలి వెంట్రుకలు, చెత్త చేత్తో తీసేయండి. చేతికి గ్లవ్స్ ఉండాలి. ఒక మగ్గు వేడినీళ్లు పోసి జిడ్డును కాస్త కరగనివ్వండి. తర్వాత సీసాలు కడిగే పొడవాటి బ్రష్‌కు గిన్నెల లిక్విడ్ రాసి, గొట్టం లోపల చేరగలిగినంత లోతు వరకూ పైకీ కిందికీ, గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. జాలీ అడుగుభాగం, గొట్టం మూతి అంచు, వాష్‌బేసిన్ పై రంధ్రం, మూడూ రుద్దాలి. బ్రష్‌కు అంటుకొచ్చే నల్లటి జిగురు చూస్తే పని ఎక్కడ మిగిలిందో మీకే తెలుస్తుంది. అది రావడం ఆగేదాకా రుద్ది, మళ్లీ వేడి సబ్బునీళ్లతో కడగండి.

ఆ తర్వాత కావాలంటే వంట సోడా, వెనిగర్ వాడొచ్చు. అరకప్పు సోడా గొట్టంలో వేసి, కప్పు వెనిగర్ పోసి, మూతి మీద గుడ్డ కప్పి అరగంట ఆగి వేడినీళ్లు పోయాలి. బుస్సున పొంగే ఆ నురగ చూడటానికి భలేగా ఉంటుంది. నిజానికి జరిగేదేమిటంటే రెండూ కలిసి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి, బుడగలు వదులైన మడ్డిని కాస్త కదిలిస్తాయి, అంతే. బ్రష్ పట్టాక ఇది పనికొస్తుంది, బ్రష్‌కు బదులుగా మాత్రం పనికిరాదు.

జాగ్రత్త: వెనిగర్ పోసిన గొట్టంలో బ్లీచ్ గానీ, బ్లీచ్ పోసినదానిలో వెనిగర్ గానీ పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్లను బ్లీచ్‌తో కలపడం కూడా అంతే ప్రమాదం.

రుద్దే పని రెండు మూడు రోజులకోసారి చొప్పున రెండు వారాలు సాగాలి. గోడల మీద ఉన్న ఎదిగిన ఈగలను సబ్బునీళ్ల స్ప్రేతో కానిచ్చేయండి. వాడని గదిలోని డ్రెయిన్‌లో వంపు దగ్గర నిలిచే నీళ్లు ఎండిపోతే కింది మురుగు గొట్టానికీ మీ గదికీ మధ్య అడ్డు ఉండదు. వారానికోసారి ఒక మగ్గు నీళ్లు పోస్తే ఆ దారి మూసుకుంటుంది. ఇంత చిన్న పనితోనే కొన్ని ఇళ్లలో బెడద మొత్తం పోతుంది.

ఈ ఈగలు కుట్టవు. కానీ మురుగులోంచి లేచి తిండి మీద వాలేవి కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. చచ్చిన ఈగల నూగు, పొడి గాల్లో కలిసి కొందరికి ఉబ్బసాన్ని రేపుతాయి. పోగైన కళేబరాలను తడిగుడ్డతో తుడవండి.

కుండీ నుసుములు: నీళ్లు తగ్గించడమే మొదటి మందు

మొక్కలంటే మక్కువ ఉన్నవాళ్లకే ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే వాళ్లు నీళ్లు ఎక్కువ పోస్తారు. నుసుము పిల్లలు పైమట్టిలో, ఐదారు సెంటీమీటర్ల లోతులోపే బతుకుతాయి. తడిమట్టిలో పెరిగే బూజునూ, కుళ్లుతున్న ఆకులనూ తింటాయి. సంఖ్య పెరిగితే సన్నటి వేళ్ల మీద పడతాయి. పెద్ద మొక్కకు నష్టం తక్కువ, నారుకు మాత్రం ముప్పు.

కాబట్టి మొదట మట్టిని ఎండనివ్వండి. రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. చాలా మొక్కలు దీన్ని తట్టుకుంటాయి. వాలిపోయేవైతే కింది నుంచి నీళ్లు పెట్టండి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచి తీసేసి, మిగిలిన నీళ్లు పారబోయండి. వేళ్లకు నీళ్లందుతాయి, పైమట్టి పొడిగా ఉంటుంది. రాలిన ఆకులు ఏరేయండి. ఎరువు కదా అని వాడిన టీ పొడి, కాఫీ పిప్పి, పండ్ల తొక్కలు మట్టి మీద పరిచే అలవాటు ఉంటే మానుకోండి. కాఫీ పిప్పి పురుగును తరుముతుందని ప్రచారం ఉంది గానీ, తడిగా ఉన్నప్పుడు అది బూజు పట్టి నుసుములకు విందు భోజనమే.

ఎగిరేవాటికి పసుపు అట్ట. నుసుములను పసుపురంగు బాగా లాగుతుంది. పసుపు అట్టముక్కకు రెండువైపులా పెట్రోలియం జెల్లీ గానీ ఆముదం గానీ పల్చగా రాసి, పుల్లకు గుచ్చి మట్టికి దగ్గరగా పెట్టండి. ఎత్తున వేలాడదీస్తే అంతగా పడవు, అవి ఎక్కువగా మట్టి మీదే పాకుతూ తిరుగుతాయి. అట్ట మీద రోజూ ఎన్ని పడుతున్నాయో చూస్తే తగ్గుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

మట్టిలోని పిల్లలకు రెండు ఇంటి మందులున్నాయి. ఒకటి, మెడికల్ షాపుల్లో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఒక పాలు దానికి నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, ఎండిన కుండీకి మామూలుగా నీళ్లు పోసినట్టే పోయండి. మట్టి చిటపటమంటుంది, తగిలిన పిల్లలు చస్తాయి. మేలుచేసే సూక్ష్మజీవులు కూడా పోతాయి కాబట్టి వారానికోసారి మించకుండా రెండు మూడు సార్లతో ఆపేయండి. రెండోది వేపనూనె. లీటరు గోరువెచ్చటి నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల నూనె, నాలుగు చుక్కల లిక్విడ్ కలిపి, బాగా గిలక్కొట్టి మట్టి మీద పోయాలి. వాసన ఒకటి రెండు రోజులు ఉంటుంది, గది తలుపులు తీసి పెట్టండి.

ఇంటి చిట్కా కాకపోయినా చెప్పక తప్పనిది ఒకటుంది. బీటీఐ అనే బ్యాక్టీరియా. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో నీటి మడుగులో దొరికింది. దోమల పిల్లలు, నుసుము పిల్లలు దీన్ని మింగితే పేగు దెబ్బతిని చస్తాయి. మనుషులకు, పెంపుడు జంతువులకు హాని లేదు. దోమల నివారణకు అమ్మే బీటీఐ బిళ్లలను నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి ఆ నీళ్లు కుండీలకు పోస్తే చాలు. కుండీలు ఎక్కువున్న ఇంట్లో నా ఓటు దీనికే. మిగతావన్నీ శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ.

మట్టి మీద సెంటీమీటరు మందాన ముతక ఇసుక పరిస్తే గుడ్లు పెట్టడానికి ఇబ్బంది పడతాయి. కుండీ అడుగు రంధ్రాలు తెరిచే ఉంటాయి కనుక పూర్తిగా ఆగవు. దాల్చినచెక్క పొడి చల్లడం గురించి చాలా వింటాం, పైపైన బూజును కొంచెం తగ్గించొచ్చు గానీ దాని మీదే ఆధారపడకండి.

వెలుతురుకు వచ్చేవి, డబ్బాల్లో పుట్టేవి

వాన పడిన సాయంత్రం దీపం చుట్టూ చేరే ఉసుళ్లు ఇంట్లో పుట్టినవి కావు. గంటసేపు లైట్లు ఆర్పి కిటికీలు మూస్తే చాలు. అప్పటికే లోపలికి వచ్చేస్తే ఒక్క దీపం వెలిగించి, దాని కింద వెడల్పాటి పళ్లెంలో సబ్బునీళ్లు పెట్టండి. తెల్లటి, నీలిచాయ వెలుతురు కన్నా పసుపుచాయ ఎల్ఈడీ బల్బులకు పురుగులు తక్కువగా వస్తాయి. గుమ్మం దగ్గర అలాంటిది మార్చుకోండి. అయితే వాన లేని రోజున గది లోపల గోడ మూల నుంచో, చెక్క సందులోంచో రెక్కల పురుగులు బయటికొచ్చి, ఒకే కొలత ఉన్న రెక్కలు కుప్పగా రాలి ఉంటే అది చెదల పని. ఈ చిట్కాలతో తేలే వ్యవహారం కాదు.

పిండి, పప్పుల డబ్బాలోంచి గోధుమరంగు చిమ్మటలు లేస్తుంటే ఆ డబ్బాలో సన్నటి సాలీడు దారాల్లాంటి అల్లిక వెతకండి. పురుగు పట్టినది పారేయండి. అనుమానంగా ఉన్నది ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. అరల మూలలు, మూతల గాడులు వాక్యూమ్‌తో లాగి, పొడి దినుసులన్నీ బిగుతు మూతల గాజు సీసాల్లోకి మార్చండి.

వీటి మీద ఆశ పెట్టుకోకండి

అల్ట్రాసోనిక్ యంత్రాలు ప్లగ్గులో పెడితే పురుగులు పారిపోతాయన్నది ఉత్త మాట. లవంగాలు గుచ్చిన నిమ్మకాయ ముక్క వంటింటికి అందమే గానీ, నాలుగు అంగుళాల అవతల కూర్చున్న ఈగకు దానితో పనే లేదు. పుదీనా, లావెండర్, టీ ట్రీ వంటి ఘాటు నూనెలు కాసేపు దూరం పెడతాయి, వాసన తగ్గగానే మళ్లీ మామూలే. పైగా పిల్లి ఉన్న ఇంట్లో టీ ట్రీ నూనె విషం లాంటిది, వాడనేకూడదు. మూసిన గదిలో పొగ వేయడం ఈగల కన్నా మన ఊపిరితిత్తులకే ఎక్కువ ఇబ్బంది.

ఎవరూ చిట్కాల్లో చెప్పనిది, తక్షణం పనిచేసేది మాత్రం ఒకటుంది: టేబుల్ ఫ్యాన్. ఈ మూడు రకాలూ ఎగరడంలో అంతంతమాత్రమే. తినే బల్ల వైపు ఫ్యాన్ తిప్పి పెడితే ఆ గాలిని ఎదిరించి వాలలేవు. చుట్టాలొచ్చే రోజు టెన్షన్ లేకుండా గడిచిపోతుంది. పుట్టేచోటు వెతికే పని మర్నాటికి ఎలాగూ ఉంటుంది.

ఎన్నాళ్లు పడుతుంది, ఎక్కడ ఆపాలి

పండ్ల ఈగలు శుభ్రత పక్కాగా ఉంటే పది నుంచి పద్నాలుగు రోజుల్లో పోతాయి. డ్రెయిన్ ఈగలకు రెండు మూడు వారాలు. కుండీ నుసుములకు నెల దాటొచ్చు, ఎందుకంటే గది వేడిలో వాటి ఒక తరం పూర్తవడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో ఒకసారి హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తుంది. అది అంతకుముందే ప్యూపా దశలో, అంటే పిల్ల పురుగు ఈగగా మారే దశలో ఉన్నవి బయటికి రావడం, మీ పని చెడిందని కాదు. చివరి ఈగ కనబడ్డాక కూడా ఒక వారం ఉచ్చు అలాగే ఉంచండి. వారమంతా అది ఖాళీగా ఉంటేనే తీసేయండి.

గడువు దాటినా తగ్గకపోతే మొదటి మెట్టుకే తిరిగి వెళ్లి, కొత్తగా ఒకటి రెండింటిని టేపు మీద పట్టి చూడండి. రెండు రకాలు ఒకేసారి ఉండటం సాధారణమే. వంటింట్లో పండ్ల ఈగలు, హాల్లో కుండీ నుసుములు. ఏ గదిలో ఎక్కువో తెలియకపోతే గదికొక పసుపు అట్ట పెట్టి రెండు రోజుల తర్వాత లెక్క చూసుకోండి. ఎక్కువ పడిన గదిలో, కిందా మీదా చూస్తే తడి ఉన్నచోటు ఏదో ఒకటి దొరుకుతుంది.

టేపు మీద పడినది గూని ఈగ అయితే, జాలీలు, గొట్టాలు అన్నీ రుద్దాక కూడా వస్తూనే ఉంటే, నేల కింద మురుగు గొట్టం ఎక్కడో పగిలి, ఆ మట్టిలోకి మురుగు ఊరుతోందని అనుమానించాలి. టైల్స్ సందుల్లోంచి, గోడ మూలనున్న చీలికలోంచి ఈగలు రావడం దానికి గుర్తు. ఆ చీలికను సిమెంటుతో పూడ్చి ఊరుకుంటే ఇంకోచోట నుంచి వస్తాయి. ప్లంబర్‌ను పిలిచి గొట్టం పరీక్ష చేయించండి. పగులు బయటపడితే గొట్టం బాగుచేయడంతో పాటు, దాని చుట్టూ నానిన మట్టిని కూడా తవ్వి తీయించి కొత్త మట్టి నింపించండి. పాత మట్టి అక్కడే ఉంటే అందులోని పిల్లలు ఇంకా కొన్ని వారాలు ఎగిరి వస్తూనే ఉంటాయి.